గుప్పిట్లో తాళాలు

"తాళాలు! ఎవరి దగ్గరైనా తాళాలున్నాయా?"

పొద్దున బస్టాండులో ఒక్కసారిగా కేకలు. ఇరవై ఏళ్ల కుర్రాడు. ఫిట్స్.

చూస్తుండగానే మూడు తాళంగుత్తులు అతని గుప్పిట్లోకి చేరాయి. ఒకాయన చెంచా తెచ్చి నోట్లో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

కాసేపటికి తగ్గింది.
"చూశారా, ఇనుము తగలగానే ఆగిపోయింది" అన్నాడు పక్కనున్నాయన.

ఇనుము వల్ల కాదండీ. ఫిట్స్ అంటే మెదడులో చెలరేగే విద్యుత్ అలజడి. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పటికి చేతిలో తాళాలుంటాయి. పేరు వాటికొస్తుంది. 1924లోనే జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తును నమోదు చేశాడు. నూరేళ్లు దాటినా మనం ఇంకా తాళాలే వెతుకుతున్నాం.

కుర్రాడు లేచి కూర్చున్నాక అరచెయ్యి చూసుకున్నాడు. తాళం పళ్ల అచ్చు, ఎర్రగా.
చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.
అదే ఇంకా కళ్లముందు నుంచి పోవట్లేదు.

అక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు. అందరిదీ ఆత్రమే. ఆ ఆత్రానికి దారి తెలియాలి, అంతే.

పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిదేదైనా పెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. టైము చూస్తూ ఉండండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మీ వైపు ఏం చేస్తారు? తాళాలేనా, ఉల్లిపాయ కూడానా? చెప్పండి.