పొలమారని గుక్క



అన్నం తింటుండగా పొలమారితే తల మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటాం. ఆ దగ్గు దేవుడు మన గొంతులో ఉంచిన కావలివాడు. దారి తప్పిన మెతుకును శ్వాసనాళంలోంచి బయటికి నెట్టేస్తుంది. పక్షవాతం వచ్చిన కొందరిలో ఈ కావలివాడు నిద్రపోతాడు. నీళ్లు ఊపిరితిత్తుల వైపు జారినా దగ్గు రాదు.

తిరువూరు దగ్గర మా సంఘపు పెద్దాయన ఒకరికి అలాగే ముద్ద దిగడం కష్టమైంది. విజయవాడలో తెల్లటి బేరియం మందు మింగిస్తూ ఎక్స్‌రేలో చూశారు. కొంచెం శ్వాసనాళంలోకి దిగింది. ఆయన దగ్గనే లేదు. "అయ్యగారూ, నాన్న ఊపిరితిత్తుల్లోకి విషం పోయింది" అని కూతురు ఫోన్‌లో ఏడ్చింది.

విషం కాదమ్మా అన్నాను. అది బేరియం సల్ఫేట్. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయిలో ఉండేది ప్రధానంగా అదే. నీటిలో కరగదు, ఒంటికి పట్టదు. కొద్దిగా పోతే ఊపిరితిత్తులు మెల్లగా పైకి నెట్టేస్తాయి. కొంత మిగిలి, ఎక్స్‌రేలో చాలాకాలం తెల్లగా కనబడవచ్చు. ఎక్కువ పోతే మాత్రం ప్రాణాపాయమే. అందుకే డాక్టర్లు కొద్దికొద్దిగా మొదలుపెడతారు. అయోడిన్ మందుల్లో గాఢమైనవి ఊపిరితిత్తుల్లోకి నీరు లాగుతాయి గనుక, ఇలాంటివారికి అవి ఇవ్వరు. ఆ తెల్లటి చార మనకు చెప్పింది వేరే సంగతి: ఇంట్లో తాగే మామూలు నీళ్లూ అలాగే జారుతూ ఉండవచ్చు.

పెద్దాయన నన్ను అడిగింది ఒక్కటే, "మరి ప్రభువు బల్ల?" విశ్వాసముంటే ఏమీ కాదని కొందరన్నారు. దేవాలయ శిఖరం మీద ప్రభువు తిరస్కరించింది ఇలాంటి మాటనే కదా! యాయీరు కుమార్తెను లేపిన ఆయన, ఆమెకు తినడానికి పెట్టమని కూడా చెప్పాడు. మన గొంతు దిగే ముద్ద గురించి ఆయనకు శ్రద్ధ ఉంది. డాక్టరుగారిని అడిగాం. ఆయన ఒప్పుకున్న మేరకే, పెద్దాయనను నిటారుగా కూర్చోబెట్టి, ద్రాక్షారసపు తడి పెదవులకు అద్దాను. ఆయన కళ్లు నిండాయి. బల్లలో కొలత లేదు.

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరికైనా తాగిన వెంటనే గొంతు గురగురమన్నా, మాటిమాటికీ జ్వరం, ఆయాసం వస్తున్నా డాక్టరుకు చెప్పండి. పరీక్షకు ముందే, మింగడం కష్టమని తెలియజేయండి. పడుకోబెట్టి గ్లాసు నోటికి ఎత్తకండి. ప్రార్థన చేసే చేతులే చెంచా ఓపికగా పట్టుకోవాలి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.