మా బ్యాచ్ పట్టిన జోలె

నవంబర్ 10, ఆదివారం

మూడు వారాలుగా వాట్సాప్ గ్రూపులో నలుగుతున్న మాట ఇవాళ జవహర్‌నగర్‌లో మా డాబా మీద తేలింది. పదకొండు మందిమి కూర్చున్నాం. ఈసారి ఆత్మీయ సమ్మేళనానికి ఫంక్షన్ హాలు వద్దు, శాలువాలు వద్దు. మేం చదివిన సర్కారు బడి ఆవరణలోనే పాట కచేరీ పెడదాం, వచ్చిన డబ్బు తలసేమియా పిల్లలకు ఇద్దాం. ఆ మాట తెచ్చినవాడు మా క్లాసులో చివరి బెంచీ. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. వాళ్లక్క మనవడిని నెలకు రెండుసార్లు అదే ఆటోలో రక్తం ఎక్కించడానికి తీసుకుపోతాడు. "సూది పొడిచినా ఏడుస్తలేడురా, అలవాటైపోయింది" అన్నాడు. వాడికి ఆరేళ్లు.

నవంబర్ 14

బాలల దినోత్సవం నాడే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి వెళ్లడం కుదిరింది. ఆ పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో మొదలుపెట్టిన సంస్థ. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలని తెలుసు. నాకు తెలియనిది ఇంకోటి ఉంది. ఎక్కించిన ప్రతి సంచితో ఒంట్లోకి ఐరన్ కూడా వస్తుంది. దానంతటది బయటికి పోదు, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసేసే మందు రోజూ వేయాలి. రక్తానికి దాతలుంటారు, మందు మాత్రం కొనాల్సిందే. మనం పాడేది ఆ మందు కోసమని గ్రూపులో రాశాను.

నవంబర్ 24

టికెట్ పెడదామా వద్దా అన్న దగ్గర గంటన్నర పోయింది. మా లాయర్ మిత్రుడు విడమరిచి చెప్పాడు. టికెట్ పెట్టి సినిమా పాటలు పాడితే పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. డబ్బు కట్టని ప్రేక్షకుల ముందు ఔత్సాహికులు పాడుకుంటే కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. కాబట్టి ప్రవేశం ఉచితం. ఇచ్చే మనసున్నవాళ్లు ఇస్తారు.

డబ్బు మా ఎవరి ఖాతాలోకీ రాకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. 1971 ఆగస్టు 1న రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకేరోజు రెండు కచేరీలు చేశారు. టికెట్ల మీద వచ్చిన 2,43,000 డాలర్ల పైచిలుకు యునిసెఫ్‌కు చేరింది. రికార్డుల మీద వచ్చిన సొమ్ము మాత్రం, ముందే కాగితాలు సరిచూసుకోనందుకు, ఏళ్ల తరబడి పన్నుల లెక్కల్లో చిక్కుకుంది. మాది చిన్న కచేరీయే, అయినా పాఠం అదే. సొసైటీ క్యూఆర్ కోడే బోర్డు మీద పెడతాం. ఆదాయపు పన్ను రాయితీ కావాలనుకునేవాళ్లు రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వొద్దని కూడా రాయించాలి.

డిసెంబర్ 4

ఘంటసాల జయంతి. 1922లో పుట్టారు. కచేరీ ఆయన పాటలతోనే అనుకున్నాం, ఫిబ్రవరి 11 వర్ధంతికి ముందొచ్చే ఆదివారం.

ఇంటింటికీ తిరిగి అడగడానికి మాలో కొందరికి మొహమాటంగా ఉంది. వాళ్లను కూర్చోబెట్టి ఒక్క సంగతి చెప్పాను. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఘంటసాల జోలె కట్టుకుని మధూకరం చేసి పొట్ట నింపుకున్నారు. ఆయన పాట పాడబోతూ అడగడానికి సిగ్గుపడితే ఎలా? ఆ తర్వాత ఎవరూ కాదనలేదు.

డిసెంబర్ 15

మా తెలుగు సార్ హార్మోనియం అటక మీంచి దిగింది. తిత్తి మడతల్లో ఎలుక కొరికిన కంత. మూడు మెట్లు నొక్కితే లేవడం లేదు. తబలా కొట్టే మావాడు కంత మీద పల్చటి తోలుముక్క జిగురుతో అతికి, ఆరేదాకా వేలితో అదిమిపట్టి కూర్చున్నాడు. ఇరుక్కున్న మెట్లు ఒక్కొక్కటే విప్పి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టాడు. సాయంత్రం సార్ తిత్తి లాగి షడ్జమం పట్టారు. కాస్త బొంగురుగానే పలికింది. సార్ కళ్లు తుడుచుకున్నారు. కీబోర్డు, కరోకే ట్రాకుల మాట ఆ నిమిషంతో పోయింది.

జనవరి 5

నాచారంలో తిరిగాం. ఇక్కడే మా నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేశాడు. ఎన్టీఆర్ స్టూడియో కట్టింది కూడా ఈ నాచారంలోనే. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేస్తే ఆయనా, అక్కినేనీ జోలె పట్టి జనంలోకి వెళ్లారు. టీ కొట్టు పెద్దాయన అది గుర్తు చేసుకుని, గల్లాలోంచి ఐదొందలు తీసి మా విరాళాల డబ్బాలో వేశాడు.

జనవరి 19

రిహార్సల్. "ఘంటసాల పాట పాడాలంటే ముందు 'ఘ' పలకడం రావాలిరా" అంటూ సార్ ఒక్కొక్కరితో ఒత్తులు పలికించారు. సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే మిత్రుడు 'జగదేకవీరుని కథ'లోని 'శివశంకరీ' ఎత్తుకున్నాడు. 1961లో పెండ్యాల దర్బారీ కానడలో కట్టిన పాట. రెండు మెట్లు దించినా స్వరాల దగ్గర ఊపిరి చాలలేదు. ఇంకా మూడు వారాలుంది, సాధన చేస్తానన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కుర్చీలు చాలక జనం వరండా మెట్ల మీద కూర్చున్నారు. మైక్ పర్మిషన్ రాత్రి పదింటి వరకే. మావాడు 'శివశంకరీ' చివరిదాకా పాడాడు, ఒకచోట తడబడినా ఆగలేదు. ఆటో మిత్రుడు మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు వరసలో విన్నాడు. తొమ్మిది నలభైకి ముగించాం.

ఫిబ్రవరి 11

డబ్బా సొసైటీ వాళ్ల ముందే తెరిచి లెక్కపెట్టాం. రసీదు ఫొటో గ్రూపులో పెట్టాను, ఖర్చుల కాగితం కూడా.

ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి. ఆ పిల్లలకు సెలవులుండవు. మే నెలలో అదే వరండాలో శిబిరం పెడుతున్నాం. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వాళ్లు దయచేసి రండి. పెళ్లీడు పిల్లలున్నవాళ్లు పెళ్లికి ముందే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసేమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.