విరార్‌లో మా చెల్లెలి ఇల్లు

బొంబాయి వెళ్ళొచ్చానంటే చాలు, గేట్‌వే చూశారా, జుహూ బీచికి వెళ్ళారా, సినిమావాళ్ళ బంగళాలు చూశారా అని అడుగుతున్నారు మా వీధిలోవాళ్ళు. అవేవీ చూడలేదండీ. 2025 నవంబరులో పన్నెండు రోజులూ విరార్‌లో మా చెల్లెలి ఇంట్లోనే ఉండొచ్చాను. ఆ ఇంటి గురించే నాలుగు మాటలు రాయాలనిపించింది. మన పిల్లలు కూడా ఉద్యోగాల కోసం పెద్ద ఊళ్ళకి పోయి, అద్దెలు కట్టలేక, మొదటి ఇల్లంటూ ఇలాంటివే చూస్తున్నారు కదా!

ముందు దారి చెబుతాను. నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దాదర్. అక్కడ వంతెనెక్కి అవతల దిగితే పశ్చిమ రైల్వే ప్లాట్‌ఫారాలు. పొద్దున్నే విరార్ వైపు పోయే లోకల్ బండ్లు ఖాళీ. ఎదురు వచ్చే బండ్లు చూడాలి, తలుపుల దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట! బోరివలి, దహిసర్, మీరా రోడ్, భాయందర్ దాటాక సముద్రపు పాయ మీద పెద్ద వంతెన వస్తుంది. కాసేపు నీళ్ళూ, మడచెట్లూ, ఉప్పుమళ్ళూ. చల్లటి గాలి. నేను ఇంకా ఆ నీళ్ళకేసి చూస్తూండగానే నాయిగావ్ వచ్చింది, మళ్ళీ భవనాలు మొదలు. వసయి రోడ్, నాలాసోపారా, ఆ తర్వాత విరార్. చర్చిగేట్ నుంచి 60 కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి భువనగిరి కూడా అంత దూరం ఉండదు!

బోరివలి దగ్గర్నుంచీ పట్టాల పక్కన బోర్డులే బోర్డులు. కొత్తగా పెళ్ళయిన జంట, చేతిలో తాళంచెవి, నవ్వులు. అద్దె కట్టే డబ్బుతోనే సొంతిల్లు, స్టేషన్‌కి 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలు ఎవరి గడియారంలోవో గానీ షేర్ ఆటోలో మాకు 20 పట్టింది.

ఇల్లు మూడో అంతస్తులో. దీన్ని అక్కడ 'వన్ ఆర్‌కే' అంటారు. అంటే ఒక గది, ఒక వంటగది. గది 10 అడుగులకి 14. వంటిల్లు 6కి 8. మిగిలిన 42 చదరపు అడుగుల్లో స్నానాల గది, దొడ్డి, నడిచే చోటూ. మొత్తం 230. మన లెక్కలో 25 గజాల పైన కాస్త. 2016లో కొన్నప్పుడు బ్రోకరు చెప్పింది మాత్రం 385! అప్పట్లో మెట్లూ, లిఫ్టూ, గోడల మందమూ అన్నీ కలిపి 'సూపర్ బిల్టప్' అని అమ్మేవారు. రెరా చట్టం 2017 మేలో పూర్తిగా అమల్లోకి వచ్చాక కార్పెట్ ఏరియా చెప్పే అమ్మాలి. అంటే ఇంటి లోపల మనం వాడుకునే నేల. బయటిగోడల మందమూ, బాల్కనీ అందులోకి రావు. మీ పిల్లలు ఎక్కడ ఇల్లు చూసినా మొదట ఈ మాటే అడగమనండి.

అంత చిన్నది ఎందుకు కొన్నారంటారా? మా మరిది వాళ్ళ తాతగారు కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి మిల్లులో పనికి వచ్చి, వర్లీలో బీడీడీ చాళ్ళలో చేరారు. బ్రిటిష్‌వాళ్ళు 1920లలో కట్టించిన చాళ్ళవి. గది 160 అడుగులు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డా గది మాత్రం ఉండిపోయింది. పెద్దకొడుకు పెళ్ళాం పిల్లలతో అందులోనే ఉన్నాడు. చిన్నవాడికి పెళ్ళయింది, వేరే చోటు చూసుకోవాలి. చేతిలో ఉన్న డబ్బుకి విరార్ తప్ప గతిలేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 6 లక్షల దాకా అప్పు మీద 6.5 శాతం వడ్డీ రాయితీ వచ్చింది. దానికి ఇంటి ఆడమనిషి పేరు కాగితాల్లో ఉండాలన్నది నిబంధన. అలా మా చెల్లెలు కూడా ఇంటి యజమానురాలైంది! వీళ్ళ వర్గానికి ఆ రాయితీ 2022 మార్చితో అయిపోయింది. 2024లో మొదలైన రెండో విడతలో ఇంటి ధర 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకపోతే, సొంతిల్లు లేనివాళ్ళకి 1.80 లక్షల దాకా ఇస్తున్నారు. అదీ ఒకేసారి రాదు, ఐదు విడతలు. మహారాష్ట్రలో ఆడవాళ్ళ పేరున కొంటే స్టాంపు డ్యూటీ కూడా ఒక శాతం తగ్గుతుంది.

ఇక వంటింటికి వద్దాం. గట్టు పొడవు 5 అడుగులు. దాన్ని అక్కడ 'ఓటా' అంటారు. ఒక చివర సింకు, ఒక చివర రెండు పొయ్యిల స్టవ్వు. మధ్యలో కూరలు తరిగే పీట పెడితే పోపుల డబ్బా చేతిలో పట్టుకోవాలి. ఫ్రిజ్ వంటింట్లో పట్టక గదిలో టీవీ పక్కన ఉంది. నీళ్ళు పొద్దున ఒక గంటే వస్తాయి, అందుకని స్నానాల గదిలో సగం డ్రమ్మే. నేను మురిసిపోతూ తీసుకెళ్ళిన ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలో తెలియక మూడు రోజులు మంచం కింద ఉంది. ఆఖరికి సగం ఇరుగుపొరుగుకి పంచి, మిగతాది సీసాల్లోకి తీసి అటక మీదికెక్కించాం.

అయినా వంట విషయంలో మా చెల్లెలు నాకంటే గట్టిది, చెప్పొద్దూ! అడుగున పప్పు, పైన అన్నం, ఆ పైన ఉడకాల్సిన కూర, ఒక్క కుక్కరు కూతలతో అన్నీ అయిపోతాయి. వేపుళ్ళు ఆదివారమే, కిటికీ తలుపులన్నీ బార్లా తీసి. లేకపోతే రాత్రి దుప్పట్లలో కూడా పోపు వాసనే. ఏడాదికి సరిపడా పప్పులూ బియ్యం అనే మాటే లేదు, పదిహేను రోజులకి చాలినంత. బట్టలు ఆరేయడానికి గది పైకప్పుకి కప్పీలతో గొట్టాలు వేలాడదీసి ఉంటాయి. తాడు లాగితే పైకి పోతాయి. అయితే తడిబట్టల కింద కూచుని భోంచేయాలి.

ఒకరోజు అంధేరీ దాకా వెళ్ళి సాయంత్రం మా చెల్లెలితో పాటు తిరిగొచ్చాను. తను అక్కడ ఒక ఆఫీసులో పనిచేస్తుంది. పశ్చిమ రైల్వేలో ఆడవాళ్ళకే ప్రత్యేకంగా బండ్లు 1992లో మొదలయ్యాయి. ఎక్కీ ఎక్కగానే ఎదురుసీటావిడ సంచీ తెరిచి బఠాణీలు ఒలవడం మొదలెట్టింది. మా చెల్లెలు చిక్కుళ్ళు తీసింది. "ఇంట్లో గట్టు మీద చోటు లేదక్కా, ఇక్కడైతే ఒడి ఉందిగా" అని నవ్వింది. నేనూ ఓ గుప్పెడు తీసుకున్నాను. వసయి వచ్చేసరికి కూర రెడీ. (అన్నట్టు, విరార్ ఫాస్ట్ ఎక్కి బోరివలిలో దిగుతామంటే ఊరుకోరట. దూరంవాళ్ళ చోటు దగ్గరవాళ్ళు తినేస్తున్నారని తిడతారట!)

రాత్రిళ్ళే కష్టం. మంచం మీద మా మరిదిగారి అమ్మగారూ, పాపా. కింద పరుపు మీద నేనూ చెల్లెలూ. మరిది వంటింట్లో, కాళ్ళు గుమ్మం ఇవతలికి పెట్టి. రాత్రి ఎవరు లేచినా ఆయన్ని దాటాల్సిందే. నేను లేనప్పుడు కూడా మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవాలంటే కిందికి దిగి సైకిళ్ళ దగ్గర నిలబడతారు. పాపకి ఎనిమిదేళ్ళు. "పెద్దమ్మా, మీరందరూ అటు తిరగండి" అని గౌను మార్చుకుంటుంది. ఇంకో రెండేళ్ళు పోతే ఏం చేస్తారు? ఒక రాత్రి చెల్లెలు మెల్లిగా చెప్పింది, "ఈ ఇంట్లో ఏడవాలంటే కుళాయి తిప్పుకోవాలక్కా." నాకు మాట రాలేదు. కొన్నప్పుడు ఇద్దరే ఉన్నారు, ఇద్దరికి సరిపోయింది. అమ్మేవాళ్ళ బోర్డుల మీద కూడా ఎప్పుడూ ఇద్దరే కదా ఉంటారు!

అత్తగారు గయ్యాళి అనుకునేరు, కాదు. పాపం, ఆవిడే ఎక్కువ సర్దుకుంటుంది. ఒక మధ్యాహ్నం నేనే అడిగాను, "అత్తయ్యగారూ, మీరు ఇంతకంటే చిన్న గదిలో కాపురం చేశారు కదా, ఎలా గడిపారు?" అని.

"మా ఖోలీ గింతే ఉండె బిడ్డా. తొమ్మిది మందిమి ఉన్నం. గని తలుపు ఎన్నడన్న ఏసినమా? బయట నడవ ఉండె. మొగోళ్ళు ఆడ్నే పండుదురు. బియ్యం ఏరుడు ఆడ్నే, పిల్లల చదువు ఆడ్నే, కొట్లాటలు గూడ ఆడ్నే. ఈడ తలుపేస్తే ఇల్లు ఒడిసిపాయె" అంది.

ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను. చాళ్ళలో దొడ్లు అందరికీ కలిపి చివర్న ఉండేవి, పొద్దున్నే వరస కట్టాలి, అదేం స్వర్గం కాదు. కానీ ఆ నడవా ఎవరికీ లెక్కకట్టి అమ్మలేదు, అందరిదీ. కొత్త భవనాల్లో తలుపు తీస్తే ఎదురుగా మెట్లూ, చెప్పుల స్టాండూ. మన పల్లెల్లో ఎంత చిన్న ఇంటికైనా ఒక అరుగు ఉండేది కదా!

ఇంకో చిత్రం వినండి. ఆ వర్లీ చాళ్ళు పడగొట్టి, అక్కడ ఉన్నవాళ్ళకి ఉచితంగా 500 అడుగుల ఫ్లాట్లు కట్టిస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడత 556 కుటుంబాలకి తాళాలు ఇచ్చారు. బావగారి వంతు ఇంకా రాలేదు, అందాకా అద్దింట్లో ఉన్నారు. అందుకే అత్తగారు ఇక్కడికి వచ్చింది. అంటే కదలకుండా ఉన్న పెద్దకొడుక్కి 500 అడుగులు రాబోతున్నాయి, కష్టపడి కొనుక్కున్న చిన్నకొడుకు 230కి ఇంకా వాయిదాలు కడుతున్నాడు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. అన్నం తినేటప్పుడు టీవీలో ఆ వార్త వస్తే మరిది ఛానల్ మారుస్తాడు.

ఇది అమ్మేసి ఒక పడకగది ఉన్న ఇల్లు తీసుకోవాలని వాళ్ళ ఆలోచన. ఆదివారం అందరం కలిసి ఒక నమూనా ఫ్లాటు చూడ్డానికి వెళ్ళాం. టై కట్టుకున్న అబ్బాయి చల్లటి నీళ్ళిచ్చి చూపించాడు. ఎంత బాగుందో! పడకగదిలో మంచం, అటూ ఇటూ నడవడానికి చోటు, గోడంతా అద్దం. నాకెందుకో అనుమానం వచ్చి సంచీలోంచి కుట్టుపని టేపు తీశాను. మంచం పొడవు 5 అడుగుల 4 అంగుళాలు! మామూలు మంచం 6 అడుగుల పైన ఉండాలి కదా. అత్తగారు ఆగలేదు, చెప్పులు విడిచి మంచమెక్కి పడుకుంది. ఆవిడది పెద్ద పొడుగేం కాదు, అయినా చాచిన పాదాలు మంచం దాటాయి. అబ్బాయి మొహం చూడాలి! అప్పుడు తక్కినవి కూడా కనబడ్డాయి. గదులకి తలుపులే పెట్టలేదు, పెడితే అవి తెరుచుకునే చోటు పోతుంది. వంటింట్లో సిలిండరు లేదు, చెత్తబుట్ట లేదు, నీళ్ళ డ్రమ్ము లేదు. వాషింగ్ మెషిన్ ఎక్కడ పెట్టాలంటే అబ్బాయి కిటికీ కేసి చూశాడు.

తలుపులకి చోటు వదిలి, మామూలు మంచం వేసి కొలిచినా, పాపకి చదువుకోవడానికి ఒక మూల దొరుకుతోంది. అత్తగారి మంచం పట్టే చోటు హాల్లో ఉంది. చెల్లెలి మొహం వెలిగింది. మరిది మాత్రం కాగితాలు అడిగాడు. అడగాలి మరి. పక్కనే నాలాసోపారాలో మురుగునీటి శుద్ధికీ, చెత్తకీ కేటాయించిన స్థలంలో అక్రమంగా కట్టిన 41 భవనాలని హైకోర్టు చెప్పగా 2025 ఫిబ్రవరి కల్లా కూల్చేశారు. సుమారు 2,500 కుటుంబాలు రోడ్డున పడ్డాయి. వాళ్ళూ డబ్బిచ్చి చేరినవాళ్ళే. ఆ ఆగస్టులోనే విరార్‌లో అనుమతి లేకుండా కట్టిన ఒక భవనం భాగం కూలి 17 మంది చనిపోయారు. చెల్లెలి భవనానికి ఓసీ, అంటే జనం కాపురం ఉండొచ్చని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, ఉంది.

ఇక్కడ ఒక వింగు పూర్తయి జనం చేరారు, రెండోది కడుతున్నారు. పూర్తయినదాని ఓసీ, రెండోదాని రెరా నంబరు ఇవ్వమన్నాడు మరిది. నంబరు అబ్బాయి అక్కడికక్కడే రాసిచ్చాడు. ఓసీ నకలు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. ఆ రోజు నుంచీ చెల్లెలు బండిలో కూరలు తరుగుతూ మధ్యమధ్య ఫోను చూసుకుంటూనే ఉంది. ఐదు రోజుల తర్వాత నేను దాదర్‌లో రైలెక్కే వేళకి కూడా అది రాలేదు.