మొదటి వారం మేత

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా మొదటి బ్యాచ్ పిల్లలు నాలుగో రోజు తెల్లారేసరికి మొత్తం చచ్చిపోయాయి. రెండొందల దాకా ఉంటాయి. అద్దాల తొట్టె అడుగున తెల్లటి పొడిలా పడి ఉన్నాయి. ఆ రోజు మేమిద్దరం కాలేజీకి వెళ్లలేదు.

మేం పాడేరు వైపు వాళ్లం, అన్నదమ్ములం. విశాఖలో ఒకే గదిలో ఉంటూ డిగ్రీ జువాలజీ చదువుతున్నాం. సాయంత్రాలు ఒక అక్వేరియం షాపులో తొట్లు కడుగుతాం. షాపాయన ఒకరోజు క్లౌన్ ఫిష్ జత చూపించి, "ఇవి గుడ్లు పెడుతున్నాయి. నాకు తీరిక లేదు. మీరు పిల్లల్ని బతికిస్తే వచ్చినదాంట్లో సగం మీకు" అన్నాడు. చేపలు, పాత తొట్లు ఆయనవి. అక్వేరియం ఉప్పు, గాలి మోటారు, నీళ్లు పరీక్షించే కిట్టు మావి. రెండు నెలల గది అద్దె అందులో పోసేశాం. ఫోన్లో అమ్మకి చెప్తే, "తినే చేప కాదంటున్నారు, మరెందుకురా అంత ఖర్చు?" అంది. మా దగ్గర జవాబు లేదు.

క్లౌన్ ఫిష్ అంటే నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే చిన్న సముద్రపు చేప. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చాక షాపుల్లో అందరూ నీమో అనే అంటారు. సముద్రంలో ఇది సీ అనిమోనీ చేతుల మధ్య బతుకుతుంది. వేరే చేపల్ని కుట్టే ఆ చేతులు దీన్ని ఏమీ చెయ్యవు. తొట్టెలో అనిమోనీ లేకపోయినా గుడ్లు పెడుతుంది. మేం ఒక కుండ పెంకు వాల్చి పెడితే దాని లోపలి వైపు గుడ్లు అంటించింది. కాపలా ఎక్కువగా తండ్రిదే. రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్లని నోటితో ఏరేస్తూ పగలంతా అక్కడే ఉంటాడు. గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి తర్వాత నల్లబడతాయి. చివరికి లోపల పిల్లల కళ్లు వెండి చుక్కల్లా మెరుస్తాయి. మా నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉండేవి. ఎనిమిదో రాత్రి, లైటు ఆర్పిన రెండు గంటలకి పిల్లలు బయటికొచ్చాయి.

మేం తప్పు చేసింది ఇక్కడే. చెరువుల్లో చేపలకి తవుడు చల్లడం చూసినవాళ్లం కదా, పొడి మేత మెత్తగా నూరి వేశాం. ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వడగట్టి వేశాం. అవి దాదాపు ముట్టలేదు. అప్పుడే పుట్టిన పిల్ల 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ముందు కదిలేదే దాని కంట పడుతుంది, దాన్నే అందుకుంటుంది. పొట్టలో తల్లి పెట్టిన సొన కొంచెమే, అది చాలా త్వరగా అయిపోతుంది. మేం వేసిందంతా అడుక్కి దిగి కుళ్లింది, అమ్మోనియా పెరిగింది. నీళ్ల నిండా మేత ఉన్నా అవి ఆకలితోనే పోయాయి.

ఆ తర్వాత కూర్చుని చదివాం. వీటికి మొదటి రోజు నుంచే రోటిఫర్లు కావాలి. అవి నీళ్లలో ఈదే సూక్ష్మజీవులు, పెద్దవి కూడా మిల్లీమీటరులో మూడో వంతుకి మించవు. రోటిఫర్లు బతకాలంటే వాటికి సూక్ష్మ నాచు కావాలి. అంటే పిల్లల కంటే ముందు వాటి మేతని పెంచాలి, మేత కంటే ముందు ఆ మేత తినే మేతని పెంచాలి. గుడ్లు కనిపించాక మొదలుపెడితే అప్పటికే ఆలస్యం.

కాలేజీ ల్యాబ్ నుంచి ఒక సీనియర్ అన్న రెండు బాటిళ్లు తెచ్చిచ్చాడు. ఒకదాంట్లో నానోక్లోరాప్సిస్ అనే నాచు, ఇంకోదాంట్లో రోటిఫర్లు. కూల్‌డ్రింక్ బాటిళ్లలో నాచు, బకెట్లో రోటిఫర్లు పెంచాం. సిరంజిలో ఒక మిల్లీలీటరు తీసి లైటుకి పెట్టి చూస్తే తెల్లటి నలకలు కదులుతుంటాయి, వాటిని లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఒక రాత్రి కరెంటు పోయి గాలి మోటారు ఆగిపోయింది. తెల్లారేదాకా వంతులేసుకుని గ్లాసుతో బకెట్లో నీళ్లు తోడి పోస్తూ కూర్చున్నాం. మూడు వారాలు అలా గడిచాక, కొత్తగా పెట్టిన గుడ్లు పొదిగాయి.

ఈసారి పొదిగిన రాత్రి టార్చి వేస్తే పిల్లలు వెలుతురు దగ్గరికి చేరాయి. వాటిని నీళ్లతో సహా మగ్గుతో ముంచి వేరే తొట్టెలోకి మార్చాం. వెలుతురు వైపు పరిగెత్తి అద్దానికి కొట్టుకోకుండా మూడు పక్కలా నల్ల కాగితం అంటించాం. నీళ్లు లేత ఆకుపచ్చగా ఉండేలా నాచు, మిల్లీలీటరుకి పది దాకా రోటిఫర్లు, గాలి మాత్రం బుడగ బుడగగా. రోజూ సన్నటి ట్యూబుతో అడుగు శుభ్రం చేశాం. ఐదో రోజు నుంచి ఆర్టీమియా కలిపాం. దాని గుడ్లు ఉప్పునీళ్లలో ఒక రోజుకి పొదుగుతాయి. పెంకులు వేరు చేసి, పొదిగిన కొద్ది గంటల్లోనే వెయ్యాలి. ఆలస్యమైతే దాంట్లో సత్తువ తగ్గిపోతుంది.

పదో రోజు పొద్దున ఒక పిల్ల తల వెనక సన్నటి తెల్ల గీత కనబడింది. తమ్ముడు అరిచిన అరుపుకి పక్క గది వాళ్లు పాము అనుకుని పరిగెత్తుకొచ్చారు.

చివరికి 43 మిగిలాయి. నెలలు పెంచి షాపుకి ఇస్తే అద్దె బాకీ తీరింది, అంతే. లాభం అని చెప్పుకునేంత లేదు. అందుకని చదువు మానేసి ఇందులోకి రమ్మని చెప్పట్లేదు. కానీ తొట్టెలో పుట్టిన ప్రతి చేపా పగడపు దిబ్బల నుంచి పట్టాల్సిన ఒక చేపని తగ్గిస్తుంది. లక్షద్వీప్‌లో స్థానికులు ఎక్కువమంది షెడ్యూల్డ్ తెగల వాళ్లే. అక్కడి అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో శిక్షణతో ఆడవాళ్లు క్లౌన్ చేపలు, అలంకరణ రొయ్యలు పెంచారు. కాబట్టి మన వల్ల కాదనుకోవద్దు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆశ్రమ పాఠశాల నుంచి మాతో పాటు ఏడుగురు పట్నం చదువుకొచ్చారు. మొదటి రెండు నెలల్లోనే నలుగురు వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లకి తెలివి లేక కాదు. క్లాసులో పాఠం ఉంది, లైబ్రరీలో పుస్తకాలున్నాయి, స్కాలర్‌షిప్పూ ఉంది. కానీ పాఠం ఇంగ్లీషులో, ఫారం ఆన్‌లైన్‌లో, అడగడానికి మొహమాటం. చచ్చిపోయిన మా పిల్లల చుట్టూ కూడా మేత ఉంది కదా! మాకు ఆ సీనియర్ అన్న మొదటి వారంలోనే బ్యాంకుకి తీసుకెళ్లాడు, ఫారం నింపించాడు, తెలుగులో రాసుకున్న తన నోట్సు ఇచ్చాడు. మేం మిగలడానికి కారణం అదే.

జూన్‌లో, జులైలో మన ఊళ్ల నుంచి కొత్త పిల్లలు వస్తారు. వాళ్లు బస్సు దిగాక ఏం చేద్దామని ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. నోట్సు, ఫారాలు, ఉండడానికి నాలుగు రోజులు చోటు ఇప్పుడే సిద్ధం చేద్దాం. మా గదిలో ఇద్దరికి చోటుంది.

రోటిఫర్ బకెట్ ఇంకా నడుస్తోంది. చేపలు పెంచాలనుకునేవాళ్లు ఖాళీ బాటిల్ తెచ్చుకోండి, ఊరికే ఇస్తాం.