చీకటి గదిలో చిన్న పని

ఐరోపా ఖండమున, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, జెనీవా నగరమునకు సమీపమున సెర్న్ అను గొప్ప పరిశోధనాలయము కలదు. పరమాణు గర్భమునందలి రహస్యములను అన్వేషించుటకై పలు దేశములు కలిసి దానిని 1954లో స్థాపించినవి. 1962 మొదలుకొని అచ్చట వేసవి విద్యార్థులను చేర్చుకొను ఏర్పాటు ఒకటి నడచుచున్నది. కళాశాలలలో చదువుకొను యువతీయువకులు వేసవిలో అచ్చటికి పోయి, పెద్దల ఉపన్యాసములు విందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క పరిశోధక బృందమున చేరి పని చేయుదురు.

అట్టి చోట తొలిసారి అడుగిడు విద్యార్థి ఆశలు మిన్నుముట్టుచుండును. మొదటి దినముననే ఏదియో అద్భుతమును కనుగొందునని అతడు తలచును. కాని మొదట అతనికి లభించునది రక్షణ నియమముల పాఠము. పిమ్మట లభించునది ఒక చిన్న పని: ఒక పరికరమును సరిచూచుటయో, అంకెలను లెక్కించి పట్టికలో వ్రాయుటయో. “దీనికొరకేనా ఇంతదూరము వచ్చితిని?” అని అతని మనస్సు చిన్నబోవచ్చును. అట్టివాడు, నూరేండ్లకు పూర్వము మాంచెస్టరు నగరమున ఒక విద్యార్థికి లభించిన చిన్న పని కథను తెలిసికొనుట మంచిది.

ఆ విద్యార్థి పేరు ఎర్నెస్టు మార్స్‌డెన్. అతడు 1889లో ఇంగ్లండునందలి లాంకషైరు మండలమున రిష్టన్ అను ఊర జన్మించెను. తండ్రి నూలుబట్టలు నేయు కార్మికుడు. చదువునందు చురుకైన మార్స్‌డెన్ మాంచెస్టరు విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటి భౌతికశాస్త్ర ప్రయోగశాలకు అప్పుడు అధిపతి ఎర్నెస్టు రూథర్‌ఫర్డు. న్యూజీలాండులో పుట్టి పెరిగిన ఆ మహనీయుడు 1908లో నోబెలు బహుమానమును పొందెను. ఆయనకు కుడిభుజము వంటివాడు హాన్సు గైగర్ అను జర్మను యువకుడు.

గైగర్ వద్ద మార్స్‌డెన్ మొదట అభ్యసించినది లెక్కించు విద్య. రేడియము వంటి ధాతువులనుండి ఆల్ఫా కణములు సెకనుకు 15,000 కిలోమీటర్లను మించిన వేగముతో వెలువడును. అవి కంటికి కానరావు. కాని జింకు సల్ఫైడు పూసిన తెరకు ఒక కణము తగిలినప్పుడు, మిణుగురు పురుగు ఒక్కసారి వెలిగి ఆరినట్లు, అచ్చట ఒక చిన్న మినుకు పుట్టును. ఆ మినుకులను సూక్ష్మదర్శిని ద్వారా చూచి ఒక్కొక్కటిగా లెక్కింపవలెను.

ఇది చెప్పుటకు సులభము, చేయుట కష్టము. గదిని పూర్తిగా చీకటి చేసి, లెక్కించువాడు సుమారు అరగంట ఊరక కూర్చుండవలెను. అప్పుడుగాని కన్ను ఆ చీకటికి అలవాటుపడదు. పిదప రెప్ప వాల్చక తెరను చూచుచుండవలెను. కొలదికాలముననే కన్ను అలసిపోవును. విశ్రాంతి తీసికొని మరల ఆరంభింపవలెను. రూథర్‌ఫర్డు అంతటివాడే రెండు నిమిషములలో విసిగి, తిట్టుకొనుచు ఆ పని మానుకొనెనట! గైగరో, నడుమ నడుమ ఆగుచు రాత్రియంతయు లెక్కింపగల ఓర్పుగలవాడు. అట్టి గురువు వద్ద మార్స్‌డెన్ చేయి తిరిగినవాడయ్యెను.

1909లో ఒకనాడు గైగర్ రూథర్‌ఫర్డుతో, ఈ యువకునకు సొంతముగా ఒక చిన్న పరిశోధన నొసగిన బాగుండునని చెప్పెను. రూథర్‌ఫర్డు అంగీకరించి, ఆల్ఫా కణములు లోహపు రేకునకు తగిలి వెనుకకు మరలునేమో చూడుమనెను. మార్స్‌డెన్‌కు అప్పుడు ఇరువది యేండ్లు. ఇంకను పట్టమైనను పొందలేదు.

ఈ ప్రశ్నకు లేదు అనునదే ఉత్తరమని అందరి ఊహ. పరమాణువునందు ధనవిద్యుత్తు మెత్తని ముద్దవలె అంతటను వ్యాపించి యుండుననియు, వేగముగా వచ్చు ఆల్ఫా కణము దానిని దూసికొనిపోవుచు ఇంచుక మాత్రమే పక్కకు తొలగుననియు పెద్దలు భావించుచుండిరి. కణములు మరలునను ఆశ రూథర్‌ఫర్డునకును లేదు. శిష్యుని అభ్యాసమునకు తగినదని మాత్రమే ఆయన ఆ పని నప్పగించెను.

మార్స్‌డెన్ ఒక గాజు గొట్టమున రేడియమునుండి పుట్టు వాయువును నింపి, పలుచని అభ్రకపు పొరతో దాని మూతిని మూసెను. గొట్టమునకు ఎదుట లోహపు రేకును, పక్కన తెరను అమర్చెను. గొట్టమునుండి కణములు నేరుగా తెరను చేరకుండ నడుమ సీసపు పలకను అడ్డము పెట్టెను. ఇక తెరపై మినుకు కనబడినచో, అది లోహమునకు తగిలి మరలి వచ్చిన కణమే కావలెను.

దీపములార్పి, కన్ను చీకటికి అలవాటుపడువరకు వేచి, అతడు సూక్ష్మదర్శినిలో చూచెను. ఒక మినుకు! కొంతసేపటికి మరియొకటి!

ఆ క్షణమున అతని యెదుట రెండు మార్గములుండెను. ఫలితము శూన్యమని అందరును ముందే తలచిరి. “అలసిన కంటికి ఏదియో తోచినది; పట్టికలో సున్న వ్రాసిన సరిపోవును” అని అతడు అనుకొనినచో, తప్పు పట్టువారెవ్వరును లేరు. చీకటి గదిలో అతని కన్నుదప్ప వేరు సాక్షి లేదు. కాని అతడు తన కన్ను చూచినదానిని త్రోసివేయలేదు, తొందరపడి నమ్మనులేదు. గైగర్‌తో కలిసి పలు విధముల పరీక్షించెను. రేకును మార్చి చూడగా, సీసము, బంగారము వంటి బరువైన లోహముల నుండి ఎక్కువ మినుకులును, అల్యూమినియము వంటి తేలిక లోహము నుండి తక్కువ మినుకులును వచ్చినవి. బంగారు రేకులను ఒకదానిపై నొకటి చేర్చినకొలది సంఖ్య కొంతవరకు పెరిగినది. కంటి భ్రమ ఇట్లు క్రమము తప్పక మారదు గదా! కడకు లెక్క తేలినది: ప్లాటినము రేకునకు తగిలిన కణములలో సుమారు 8,000కు ఒకటి వెనుకకు మరలుచున్నది.

రూథర్‌ఫర్డు గదికి పోవు మెట్లపై ఆయన కనబడగా మార్స్‌డెన్ ఈ సంగతిని నివేదించెను. ఆయన నివ్వెరపోయెను. పలుచని కాగితముపై పెద్ద ఫిరంగి గుండును ప్రయోగింపగా అది తిరిగివచ్చి ప్రయోగించినవానికే తగిలినంత వింతగా తోచినదని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెను.

ఆ ఒక్క కణము ఎందులకు మరలినది? రూథర్‌ఫర్డు రెండేండ్లకు సమాధానమును కనుగొనెను. పరమాణువు ముద్ద కాదు, చాలవరకు శూన్యమే. దాని నడుమ, అడ్డుకొలతలో పదివేలవ వంతుకన్నను చిన్నదగు ఒక కేంద్రకమున దాని బరువంతయు దాదాపుగా ఇమిడియున్నది. దానికి సూటిగా ఎదురైన కణమే వెనుకకు మరలును. 1911లో ఆయన ఈ సిద్ధాంతమును ప్రకటించెను. గైగర్, మార్స్‌డెన్‌లు మరల చీకటి గదిలో కూర్చుండి, లక్షకు పైగా మినుకులను లెక్కించి, 1913లో దానిని రూఢిపరచిరి. కేంద్రక భౌతికశాస్త్రమునకు అదియే పునాది.

మార్స్‌డెన్ 1915లో ఆచార్యుడై న్యూజీలాండునకు, అనగా గురువుగారు పుట్టిన దేశమునకే పోయెను. ఆ గురుపరంపర తెలుగునాటిని సైతము తాకినది. రూథర్‌ఫర్డు శిష్యులలో ఒకడైన చాడ్విక్ 1932లో న్యూట్రానును కనుగొనెను. గోదావరి సీమలో జన్మించిన స్వామి జ్ఞానానంద లివర్‌పూలు నగరమున ఆ చాడ్విక్ వద్ద పరిశోధన సలిపి, పిమ్మట విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు ప్రాణము పోసెను.

నేడు మినుకులను మనుష్యులు లెక్కించుట లేదు, యంత్రములే లెక్కించును. అయినను వేసవిలో క్రొత్తగా చేరిన విద్యార్థి చేతికి వచ్చునది నేటికిని ఒక చిన్న పనియే. అతని పట్టికలోని వేలకొలది అంకెల నడుమ ఎవ్వరును ఎదురుచూడని అంకె యొకటి కనబడవచ్చును. అది తన పొరపాటే కావచ్చును, పరీక్షించి చూడవలెను. కాని పెద్దలు సున్న వచ్చునని తలచిరిగదా యని దానిని తుడిచివేయరాదు. మార్స్‌డెన్ కేంద్రకమును కనుగొనలేదు. తాను చూచినదానిని చూచినట్లు చెప్పెను. కేంద్రకమును కనుగొనుటకు అదియే దారి చూపెను.