మాల తీసిన సాయంత్రం

కార్తీకం వచ్చిందంటే మా డీ-అడిక్షన్ వార్డులో మంచాలు కాస్త ఖాళీ అవుతాయి. సంక్రాంతి వెళ్లాక మళ్లీ నిండుతాయి. మధ్యలో ఉన్నది అయ్యప్ప మాల. కౌన్సెలింగ్‌కి వచ్చే మగవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే: "మేడమ్, మాలలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టలేదు. తల్చుకుంటే నేను మానగలను."

నిజమే, మానాడు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ రోజుల్లో సాయంత్రాలు ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు? పీఠం దగ్గర, తోటి స్వాములతో. తెల్లారకముందే చన్నీళ్ల స్నానానికి లేపేవాళ్లు, పడిపూజకి రమ్మనేవాళ్లు, దారి తప్పితే గదమడానికి గురుస్వామి. మాల తీశాక ఎవరిళ్లకి వాళ్లు పోతారు. పని దిగే వేళకి ఇతనికి మిగిలేది వైన్ షాపు ముందు నిలబడ్డ పాత జట్టే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సంగతి నేను ఇక్కడే ఎత్తుతాను: తాగుడు మానాలనుకునేవాళ్లు గ్రూపులుగా మీటింగుల్లో కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం అది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరూ, బాబ్ స్మిత్ అనే సర్జనూ కలుసుకోవడంతో అది పుట్టింది. ఇద్దరూ తాగుడుకి చిక్కినవాళ్లే. మన దేశానికి 1957లో, ఢిల్లీకి వచ్చింది. నా ఎదురుగా కూర్చున్న ఆటో డ్రైవరుకి ఈ చరిత్రంతా ఎందుకు? తీసే తేదీ లేని మాల అంటే మాత్రం టక్కున అర్థమవుతుంది.

గ్రూపుకి పంపే ముందు ఒళ్లు తేరుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి చెదిరి, లేనివి కనబడి, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసుకున్న మూడోనాడే నల్లబట్టలతో స్ట్రెచర్ మీద వచ్చిన స్వాముల్ని చూశాను. డాక్టరు ముందు, మీటింగ్ తర్వాత.

మీటింగ్ చిరునామా రాసిచ్చి పంపేస్తే ఆ కాగితం జేబులోనే ఉతుకుడికి పోతుంది. అందుకని డిశ్చార్జికి ముందే గ్రూపు నుంచి ఒక సభ్యుణ్ణి వార్డుకి రమ్మంటాం. పిలిస్తే వస్తారు, పైసా తీసుకోరు. మీటింగ్ ఏ వారం, ఎన్నింటికి, తెలుగులోనా ఇంగ్లిషులోనా అన్నది వాళ్ల ఫోన్‌లోనే కనుక్కుంటాం. భాష చిన్న విషయం కాదు. ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి పరాయి భాషలో నోరు దాటదు.

గుమ్మం దగ్గర అడ్డుపడేవి వేరే. మీటింగ్ చర్చి ఆవరణలో అయితే "మతం మారుస్తారా మేడమ్?" అని భార్య అడుగుతుంది. గది అద్దెకి తీసుకున్నదే, ఆ అద్దె కూడా సభ్యులు తలా కొంత వేసుకుని కడతారు, బయటివాళ్ల చందాలు పుచ్చుకోరు, దేవుడన్నది ఎవరి నమ్మకం వాళ్లదే అని చెబుతాను. మొగుడి భయం ఇంకొకటి: తెలిసినవాళ్లు చూస్తే? చూసినవాడు అక్కడికి ఎందుకొచ్చాడట!

తాగుడు సమస్య లేనివాళ్లకి క్లోజ్డ్ మీటింగ్‌లోకి ప్రవేశం లేదు. నేను ఓపెన్ మీటింగ్‌లకే వెళ్తాను, వెనక వరసలో కూర్చుంటాను. ఒకసారి మా వార్డు నుంచి వెళ్లిన ఎలక్ట్రీషియన్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. వంతు వచ్చినప్పుడు అడ్డంగా తలూపాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. టీ పంచే పెద్దాయన అందరికీ నిండా పోసి, ఇతనికి మాత్రం సగం గ్లాసే పోశాడు. వణికే చేతికి నిండు గ్లాసు ఇవ్వకూడదని ఇన్నేళ్ల సర్వీసులో నాకు తట్టలేదు, ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లు చేయగలిగి నేను చేయలేనిది అదే.

మా దగ్గరికి వచ్చేసరికే ఇంట్లోవాళ్లు కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయించి ఉంటారు. ఒట్టు తీసి గట్టున పెట్టిన మొగుడికి సిగ్గు, ఆ సిగ్గుకి మళ్లీ క్వార్టరు. గ్రూపులో జీవితాంతం అని అడగరు. ఈ 24 గంటలు తాగకుండా ఉండు, రేపటి సంగతి రేపు అంటారు. తాగి జారిపోయినవాడు మళ్లీ వస్తే కుర్చీ జరుపుతారు. నా లెక్కలో అతను ఫెయిల్ అయిన కేసు, వాళ్ల లెక్కలో ఇవాళ వచ్చిన మనిషి.

ఆడవాళ్ల తిప్పలు వేరే కథ. మొగుడికి తెలియకుండా పప్పులో కలిపే పొడులు ఎవరెవరో అమ్ముతుంటారు. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందుండి, అది తెలియక అతను పైన తాగితే గుండె మీదికి వస్తుంది. ఆ పొట్లాలు నా టేబుల్ సొరుగులో చాలానే పోగయ్యాయి. పొట్లం తీసుకుని అల్-అనాన్ సంగతి చెబుతాను. అది 1951లో మొదలైంది, తాగేవాళ్ల కుటుంబాల కోసమే. మొగుడు మానినా మానకపోయినా ఆమె అక్కడికి వెళ్లొచ్చు.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతోనే చిక్కు. బెల్టు షాపు లేని ఊరు వెతకాలి, గ్రూపు ఉన్న ఊరూ వెతకాలి. లాక్‌డౌన్‌లో మొదలైన ఫోన్ మీటింగులు కొందరిని ఆదుకున్నాయి, సిగ్నల్ ఉన్నంతసేపు. ఇద్దరు కలిసి కూర్చున్నా గ్రూపే అన్నది ఏఏలో పాత మాట. మొన్న ఒకే మండలం వాళ్లిద్దరు ఒక్క వారంలోనే డిశ్చార్జి అయ్యారు. ఒకరి నంబర్ ఒకరి ఫోన్లో నేనే ఎక్కించాను. ఆదివారాలు స్కూలు వరండాలో కూర్చుంటామని హెడ్మాస్టరుని అడిగారట. ఆయన ఒప్పుకున్నాడు, చీపురు మాత్రం మీరే తెచ్చుకోండన్నాడు.