కట్టుట – దిద్దుట

సోదరీమణులారా! వంటకములను, కుట్టుపనులను, శిశుపోషణమును గూర్చి ఈ పుటలలో చదువుట కలవాటుపడిన మీకు, ఒక కంప్యూటరు ఆటను గూర్చి వ్రాయబూనిన నన్ను చూచి నవ్వు రావచ్చును. ఏడాది క్రిందట నైనచో నేనును నవ్వియుందును. కాని యెదిగిన మగపిల్లలున్న యింట ఇది నేడు నవ్వులాట కాదు. మా యింట ఈ ఆట మొదట కలహమై, పిదప చదువైన విధమును ఉన్నదున్నట్లు మీకు విన్నవించుకొందును.

మేము హైదరాబాదులో ఎర్రగడ్డయందు కాపురముండువారము. మావారు ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. మాకు పదునాలుగేండ్ల కుమారుడును, ఎనిమిదేండ్ల కుమార్తెయు కలరు. నేను చిన్ననాట ఉబ్బసముచే బడికి పోజాలక, మా తాతగారియొద్దనే అమరమును, కావ్యములను, కొంత ఛందస్సును చదువుకొంటిని. ఆ చదువు నాకు ప్రాణము. కాని దానికి పట్టా లేదు. పెండ్లియైన క్రొత్తలో ఒకచోట పిల్లలకు తెలుగు చెప్పుదునని పోగా, వారు నన్నొక పద్యమైనను చదువుమనక, పట్టా యేదని యడిగి పంపివేసిరి. “ఇంత చదివి యేమి లాభము?” అను మాట ఆనాటినుండి నా చెవిలో ములుకువలె ఉండిపోయినది. ఈ సంగతి ఇక్కడ నెందుకు చెప్పితినో ముందు తెలియగలదు.

మావాడు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొనిపించుకొని, తన మిత్రుని సాయముతో ఒక కంప్యూటరు కూర్చుకొనెను. చదువునకని మేము అనుకొంటిమి. చదువుతోపాటు ఫోర్ట్‌నైట్ అను ఆటయు ఇంటిలోనికి వచ్చెను. రాత్రి తలుపు వేసికొని ఆడుటయు, పదిన్నరకు నిద్రపోతినని చెప్పి రెండు గంటలవఱకు మేలుకొనుటయు, మూడుమాసముల పరీక్షలో గణితమున మార్కులు తగ్గుటయు ఒకటివెంట నొకటి జరిగినవి. గణితము చెప్పు తండ్రికి అది యెంత చిన్నతనమో వేఱుగ చెప్పనక్కరలేదు. “అర్ధసంవత్సర పరీక్షలో మరల ఇట్లే వచ్చినచో ఆ యంత్రమును ఎర్రగడ్డ ఆదివారపు సంతలో అమ్మివేయుదును” అని వారనిరి. నాటినుండి తండ్రీకొడుకులకు మాటలు నిలిచిపోయినవి. ఒకే పంక్తిని కూర్చుండి, “పప్పు వేయుమను” అని నాతో చెప్పించుకొనువారు.

ఇంతలో పొరుగింటి పిన్నిగారు ఒకనాడు, “మీకేమమ్మా! ఎక్కువైతే ఆసుపత్రి దగ్గరేగా, దూరం పోనక్కర్లేదు” అని నవ్విరి. మానసికారోగ్య వైద్యశాల ఉండుటచే మా ఊరిపేరే తెలుగునాట ఒక యెత్తిపొడుపు మాటయైనది. ఆ ద్వారముకడ మందులచీటి పట్టుకొని నిలిచిన తల్లులను నేను తఱచు చూచుచుందును. వారి కష్టము ఎవరికిని హాస్యము కారాదు. అయినను ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రపంచారోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును కూడ చేర్చినది. ఆ పట్టిక 2022నుండి అమలులోనికి వచ్చినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట, ఇవి దాని లక్షణములు. సాధారణముగా ఒక సంవత్సరమైనను ఇట్లు సాగినగాని ఆ పేరు పెట్టరు. మావాడు అన్నము తినుచుండెను, చెల్లెలితో ఆడుచుండెను, బడి మానలేదు. కాని అబద్ధమాడెను, నిద్ర చెడగొట్టుకొనెను. కనుక ఇది వ్యాధి కాదు, వట్టి అల్లరియు కాదు. దూరమునుండి చూచి నిర్ణయింపరాదని తలచి, మఱునాడు వాని ప్రక్కన పీట వేసికొని కూర్చుంటిని.

“ఎందుకమ్మా?” అనెను. “ఏమి ఆడుచున్నావో చూతును” అంటిని.

నేను చూచినది చెప్పుదును. ఈ ఆట 2017లో అమెరికాలోని ఎపిక్ గేమ్స్ అను సంస్థవారు వెలువరించినది. నూరుగురు ఒక ద్వీపముపై దిగుదురు. చుట్టును తుపాను వలయము క్రమముగా ముడుచుకొని వచ్చును. కడపట మిగిలినవాడు గెలిచినవాడు. ఇందు తుపాకులున్నవి, ఈ మాట దాచి వ్రాయుట అసత్యమగును. రక్తము చూపరు, ఓడినవాడు మాయమైపోవును. అయినను కాల్పులు కాల్పులే. మా చిన్నదానిని దీనికడకు నేను రానీయను.

కాని నన్ను నిలిపినది తుపాకి కాదు. మావాడు గునపము వంటి దానితో చెట్లను, రాళ్లను, పాత బండ్లను కొట్టి కలపను, రాతిని, లోహమును సంపాదించెను. ఎదుటివాడు కాల్చగనే ఒక్క మీట నొక్కి తనకును వానికిని నడుమ ఒక గోడ నిలిపెను. గోడ, నేల, మెట్లు, కప్పు, ఈ నాలుగే అందలి కట్టడములు. ఒక్కొక్కదానికి పది పాళ్ల సామగ్రి చెల్లును. కలపగోడ త్వరగా లేచును, త్వరగా కూలును. లోహపు గోడ మెల్లగా లేచును, ఎక్కువ కాలము నిలుచును. ఇల్లు కట్టి చూచిన గృహిణికి ఇది క్రొత్త సంగతి కాదు.

రెండవ విద్య ఇంతకంటె చిత్రమైనది. కట్టిన గోడ తొమ్మిది గడులుగా విడును. నడిమి గడి తీసిన కిటికీ యగును. దానితో క్రింది గడియు తీసిన ద్వారమగును. పై వరుస తీసిన గోడ పొట్టిదగును. పనియైన పిమ్మట మరల గోడను నిండుగా చేసికొనవచ్చును. తాను గాని, తన జట్టువారు గాని కట్టిన దానినే యిట్లు మార్చుటకు వీలు. దీనిని వారు ఎడిటింగు అందురు. నేను దిద్దుట అంటిని. పలకపై అక్షరములు దిద్దినట్లే అంతయు వ్రేళ్లలో ఉన్నది.

ఆ వారముననే వాడొక పోటీలో పాల్గొని, మొదటి ఘట్టములోనే ఓడి, అన్నము తినక పడుకొనెను. ఆటను మరల చూచుకొను సదుపాయము దానిలో 2018నుండి కలదు. మఱునాడు ఇద్దఱము చూచితిమి. నాలుగు గోడలును, కప్పును వేసికొని వాడు భద్రముగా నుండెను. తుపాను దగ్గఱపడగా వెలికి రావలసివచ్చెను. ద్వారము చేయబోయి, వ్రేలు జాఱి, మూడు గడులు తీసెను. ఆ సందులోనుండియే దెబ్బ తగిలెను.

నాకు అభిమన్యుడు తలపునకు వచ్చెను. ప్రవేశించుట తెలిసి వెలికి వచ్చుట తెలియనివాని కథ ఏ తల్లియు కన్నీరులేక చదువలేదు. “నాయనా, కట్టుట నీకు వచ్చినది. ద్వారము చేయుట రాలేదు. నీ చేయి తొందరపడుచున్నది” అంటిని. “అందరూ ఇంత వేగంగానే చేస్తారమ్మా” అనెను. “అందఱును మొదటిదినముననే అట్లు చేసిరా?” అంటిని. వాడు మాటాడలేదు.

అప్పుడు మా తాతగారు గుర్తునకు వచ్చిరి. పద్యమును గణములుగా విడదీయుట నేర్పునపుడు నన్ను పరుగెత్తనిచ్చువారు కారు. పది పాదములు తప్పులేక విడదీసినచో ఒక చింతగింజ గిన్నెలో వేసెడివారు; పదవదానిలో తప్పు వచ్చినను మరల ఒకటినుండియే. నేను వంటింటినుండి చింతగింజలు తెచ్చితిని. 2018 డిసెంబరునుండి ఈ ఆటలో ఎవరికి వారే కట్టుకొని అభ్యసించుటకు వేఱుగ ఒక స్థలమేర్పడినది. అందు శత్రువు లేడు, తుపాను లేదు. అక్కడ మొదలుపెట్టితిమి. గోడ వేయుట, ద్వారము చేయుట, దాటుట, వెనుదిరిగి మూయుట. పదిమార్లు తప్పులేక వచ్చిన ఒక గింజ.

మొదటిదినము అరగంటకు రెండు గింజలు. వానికి కోపము వచ్చెను. నాలుగవ దినమునకు ఏడు. తప్పు ఎక్కడ వచ్చుచున్నదో అప్పుడు తెలిసెను. తెరచిన ద్వారమును మూయుట వాడు మఱచుచుండెను. ఆ దారినే వెనుకనుండి శత్రువు వచ్చుచుండెను. మఱియు, ఎవరో పేరుపొందినవాడు వాడునని, తన మీటల ఏర్పాటును వారమున కొకమారు మార్చుచుండెను. దినమున కొకచోట ఉప్పుడబ్బా పెట్టిన యింట ఏ కోడలికైనను చేయి తిరుగునా? నాలుగు కట్టడములకును, దిద్దుటకును చేయి కదల్పకయే అందు మీటలను ఒకమారు నిర్ణయించుకొని, ఇక మార్పకుమంటిని. అర్జునుడు రాత్రివేళ భోజనము చేయుచుండగా దీపమాఱినను చేయి నోటికే పోవుట గమనించి, చీకటిలో విలువిద్య నభ్యసించెనట. చేతికి వచ్చిన విద్య యనగా అదియే.

నేర్పుకొనదలచిన బిడ్డలకు ఉపయోగపడునని మేము గ్రహించిన వరుసను ఇందు చెప్పుచున్నాను. మొదట మెల్లగా, తప్పులేకుండ. వేగము దానంతటదే వచ్చును. పది చమత్కారములకంటె కిటికీ, ద్వారము, పొట్టిగోడ, ఈ మూడును తడబడక వచ్చుట మేలు. దినమునకు అరగంట అభ్యాసము, పిదపనే ఆట. ఒంటరిగా వచ్చినదానిని తరువాత ఒక్క మిత్రునితో ఎదురెదుర ఆడి పరీక్షించుకొనవలెను. ఓడిన ప్రతి ఆటను మరల చూచి, ఒక్క తప్పును మాత్రము కాగితముపై వ్రాసికొనవలెను. మణికట్టు నొచ్చిన ఆనాటికి ఆపవలెను. నిద్రలేని చేయి ఎన్ని గింజలు లెక్కించినను నేర్వదు. ఈ ఒక్క మాటతోనే పదిన్నరకు పడుకొను నియమమునకు వాడు తనంత తానే ఒప్పుకొనెను.

“కట్టుట ఇంత కష్టమైనపుడు కట్టక ఆడరాదా?” అని ఒకనాడు అడిగితిని. 2022 మార్చినుండి కట్టడములులేని ఆటయు వేఱుగ కలదట. వాడు కొంతసేపు ఊరకుండి, “అందులో పారిపోవాలి, దాక్కోవాలి అంతేనమ్మా. ఇందులో నాకు కావలసింది నేనే కట్టుకోవచ్చు” అనెను.

సోదరీమణులారా! అప్పుడు నాకు సిగ్గు కలిగెను. అంతకు కొలదిదినముల ముందు నేనే వానిని, “ఇంత నేర్చి యేమి లాభము?” అని యడిగితిని. నా చెవిలోని ములుకును తీసి నా బిడ్డ చెవిలో గ్రుచ్చితిని. లోకమునకు పనికివచ్చునా రాదా యని తూచుటకు ముందు, ఒక పనిని బాగుగ చేయవలెనని బిడ్డ పడు తపనను చూడవలదా? నా చదువును చూడక పట్టా యేదని యడిగినవారికిని, వాని ఆటను చూడక తప్పుపట్టిన నాకును భేదమేమి?

ఇట్లని బిడ్డలందఱును ఆటగాండ్రై ధనవంతులగుదురని నేను చెప్పుటలేదు. 2019లో న్యూయార్కునగరమున జరిగిన ప్రపంచ పోటీలో పదునాఱేండ్ల అమెరికా బాలుడు 30 లక్షల డాలర్లు గెలిచినమాట నిజము. ఆ ఒక్కనివెనుక ఓడినవారెందఱో! గెలుపును ఆశగా చూపి చదువు మానుపరాదు. ఆట ఉచితమైనను వేషములకు ధనము చెల్లింపవలెను. తల్లి కార్డు సంఖ్యను అందు నిలువయుంచరాదు. అక్కఱలేని కొనుగోళ్లకు పిల్లలను చిక్కించుకొనిరనియు, పిల్లల వివరములను తల్లిదండ్రుల సమ్మతిలేక సేకరించిరనియు మోపబడిన అభియోగములపై ఎపిక్ వారు 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థతో ఒప్పుకొనిరి. అపరిచితులతో సంభాషణమును ఆపుటకు, కాలపరిమితి పెట్టుటకు తల్లిదండ్రుల కొఱకు అందు మీటలు కలవు. వానిని తెలిసికొనుట మన విధి.

అర్ధసంవత్సర పరీక్షలు వచ్చినవి. గణితమున వానికి మునుపటికంటె పదునొకండు మార్కులు హెచ్చినవి, అద్భుతమేమియు కాదు. కాని తప్పుచేసిన లెక్కలను మరల చూచి, ఏ మెట్టుకడ జాఱెనో వ్రాసికొనుట వానికి అలవడినది. ఆ కాగితము మావారి కంటబడెను. వారేమియు అనలేదు.

ఆ ఆదివారము మావారు సంతకు పోయిరి. నా గుండె దడదడలాడెను. మధ్యాహ్నమునకు ఒక పాత చెక్కబల్లను ఆటోలో వేయించుకొని వచ్చిరి. వానిని కుర్చీలో కూర్చుండబెట్టి, మోచేతి యెత్తు కొలిచి, వడ్రంగిచేత బల్ల కాళ్లు రెండంగుళములు కోయించిరి. “ఆ ఎత్తున చేయి పెట్టినచో మణికట్టు నొవ్వదా మఱి!” అని నాతో అనిరి. పిదప వానివైపు తిరిగి, “ఆ మెట్లు ఎన్ని డిగ్రీల వాలులో వేయుదువురా?” అని యడిగిరి. నాలుగు మాసముల తరువాత వారిద్దఱి నడుమ నడచిన మొదటి మాట అది.

మొన్న మావాడు మరల పోటీలో ఆడెను. బహుమతి రాలేదు. అయినను తుపాను దగ్గఱపడినపుడు ద్వారము చేసి, దాటి, వెనుదిరిగి మూసికొని వచ్చుటను ముగ్గురమును చూచితిమి. ఆ రాత్రి వాడు నాయొద్దకు వచ్చి, “అమ్మా, ఆ గణాలు విడదీయటం ఎట్లాగో నాకూ చూపించు” అనెను. పలక లేకపోయెను, గణితపు నోటుపుస్తకము వెనుకపుటపై గురులఘువులు గీసి చూపితిని. గింజల గిన్నె మా యిద్దఱినడుమ నుండెను.

బిడ్డ మూసికొన్న తలుపును వెలుపలనుండి బాదుటకంటె, ఒకమారు ప్రక్కన పీట వేసికొని కూర్చుండుడని మాత్రము సోదరీమణులకు విన్నవించుచున్నాను.